ఊదమ్మ పెట్టిన పన్నెండు సంతకాలు

పోయిన వారం మనం ఊదమ్మని గుమ్మంలోనే వదిలేశాం. ఒక కాలికి చెప్పు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని నిలబడి ఉంది. ఎదురుగా అక్క మొగుడు. పట్టపగలు ఇంటికొచ్చి, మాటా పలుకూ లేకుండా ఆమె చేతిలో తెల్ల కవరు పెట్టాడు బావ. రేపటి నుంచి పనికి రానక్కర్లేదని ఫ్యాక్టరీ వాళ్ళు రాసిన కాగితం అది. అలాంటి కవర్లు ఆ రోజు పన్నెండు మందికి అందాయట. ఒక్కో పేరుకీ ఒక్కో వేలు మడుస్తూ బావ చెప్పుకుంటూ పోయాడు. అతను సగం పేర్లు చెప్పేసరికే మిగతా సగం ఆమెకి తెలిసిపోయాయి. ఊపిరితిత్తులు చెడ్డాయని వాళ్ళందరి ఊపిరి పరీక్ష కాగితాల మీదా ఎర్ర సిరాతో అడ్డగీత గీసింది తనే మరి!

ఈ కథలోకి ఇవాళే అడుగు పెట్టినవాళ్ళకి రెండు ముక్కలు చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో రాతిపొడిని జిగురుతో కలిపి, గట్టిగా నొక్కి, వంటింటి గట్ల మీద పరిచే పలకలు చేస్తారు. అవి ఓడలెక్కి, వాటిని చేసినవాళ్ళు కలలో కూడా చూడని వంటిళ్ళకి వెళతాయి. పలక మెరవాలంటే అరగదీయాలి, అరగదీస్తే పొడి లేస్తుంది, ఆ పొడి ఒకసారి ఊపిరితిత్తుల్లో చేరిందంటే ఇక కదలదు. పై దేశాల్లో ఆ పలకలు కొనే కంపెనీలకి ఈ సంగతి తెలియక కాదు. అందుకే ఫ్యాక్టరీ చేత ఒక ఒప్పందం రాయించుకున్నాయి. పనిలో ఉండగా ఎవరికైనా ఊపిరితిత్తులు చెడినట్టు తేలితే, వాళ్ళు బతికున్నంత కాలం వైద్యం, సగం జీతం ఫ్యాక్టరీయే భరించాలి. ఆ తేల్చడం కోసం ఫ్యాక్టరీ ఒక సేవా ఫౌండేషన్ పెట్టి, పట్నంలో పేరున్న పెద్ద డాక్టరుగారిని దానికి పెద్దని చేసింది. ఆయన తరఫున పాలిష్ షెడ్డులోనే ఒక మూల చెక్కల అడ్డం కట్టి, ఊపిరిని కాగితం మీద గీతగా గీసే మిషన్ పెట్టుకుని కూర్చున్నది మన ఊదమ్మ.

అసలు పేరు అందరూ మర్చిపోయారు. ముక్కుకి క్లిప్పు పెట్టి, నోట్లో అట్ట గొట్టం పెట్టి, "ఊదు! ఊదు! ఇంకా ఊదు! మీ ఆవిడ మీదున్న కోపమంతా ఇందులో ఊదెయ్!" అని ఆమె అరిచే అరుపుకి షెడ్డంతా నవ్వేది. అలా ఊదమ్మ అయింది. మొదట్లో ఎవరూ ఆ గది గుమ్మం తొక్కలేదు. జబ్బు బయటపడితే ఉద్యోగం పోతుందని భయం. అప్పుడు బావ, "మా మరదలు చెప్తే బావిలోనైనా దూకుతా, గొట్టంలో ఊదడానికేం రోగం?" అని ముందుకొచ్చి ఊదాడు. అతని వెనక మిగతావాళ్ళు. కాగితం మీద పేరుండదు, నంబరే ఉంటుంది, పేర్లు ఆఫీసుకి పోవు అని ఒక్కొక్కరికీ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని మరీ చెప్పింది ఊదమ్మ.

ఇక ఇవాళ్టి సంగతి.

మధ్యాహ్నం రెండున్నర. డాక్టరుగారి ఆస్పత్రిలో పొద్దుటి రోగులు వెళ్ళిపోయి, సాయంత్రం వాళ్ళింకా రాని వేళ. బావని కింద బెంచీ మీద కూర్చోమని ఊదమ్మ ఒక్కతే మెట్లెక్కింది.

"నా కాగితం అడుగు," అన్నాడు బావ వెనకనుంచి. "అదొక్కటి చేతికొస్తే చాలు. పనిలో ఉండగానే పాడైందని అదే చెప్తుంది."

"అందరివీ తెస్తా," అంది ఊదమ్మ.

డాక్టరుగారు బల్ల మీద పుస్తకాల కట్ట విప్పుతున్నారు. అప్పుడే ప్రెస్సు నుంచి వచ్చినట్టుంది, గదంతా సిరా వాసన. ఊదమ్మని చూడగానే ఆయన ముఖం విప్పారింది.

"రా అమ్మాయ్, నూరేళ్ళు నీకు. ఇప్పుడే తలుచుకుంటున్నా. చూడు, అట్ట మీద ఎంత బాగా పడ్డావో!"

ఫౌండేషన్ వాళ్ళ మూడేళ్ళ నివేదిక అది. నున్నటి అట్ట మీద ఊదమ్మ, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతూ. పక్కన బుగ్గలు పొంగించి గొట్టంలో ఊదుతున్నది ఎవరో కాదు, బావ. కింద పెద్ద అక్షరాలు: మూడేళ్ళు, రెండు వేల పరీక్షలు, ఒక్క జబ్బు కేసు కూడా లేదు.

ఊదమ్మ ఆ వాక్యం రెండుసార్లు చదివింది. తప్పు అచ్చయిందేమో అనుకుంది పిచ్చిది.

"ఒక్క కేసూ లేదా సార్? ఎర్రగీతలు పెట్టి నేను పంపినవి ఏమయ్యాయి?"

డాక్టరుగారు లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చారు. "కూర్చో," అన్నారు.

"కూర్చోను సార్. ఇవాళ పన్నెండు మందిని పనిలోంచి తీసేశారు. మా బావ కూడా అందులో ఉన్నాడు. పన్నెండు మందీ నేను ఎర్రగీత పెట్టినవాళ్ళే, ఒక్కడు ఎక్కువా లేడు, ఒక్కడు తక్కువా లేడు. పేర్లు మీరిచ్చారా?"

"నేనా? ఒక్క పేరు ఇచ్చుంటే నా నోరు పడిపోనీ. మన కాగితాల మీద పేర్లెక్కడున్నాయమ్మా, నంబర్లే కదా."

"మరి వాళ్ళకెలా తెలిసింది?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"నంబర్లు ఎలా వేశావు నువ్వు?"

"వచ్చినవాళ్ళకి వచ్చినట్టు. మొదట వచ్చిన మనిషికి ఒకటి, తర్వాతి మనిషికి రెండు."

"వాళ్ళెలా వచ్చారు?"

"మేస్త్రీ చీటీ రాసి పంపేవాడు. ఒకరు తిరిగొచ్చాక ఒకరు. పని ఆగకూడదని, వరస తప్పకూడదని..." అంటూ ఊదమ్మ ఆగిపోయింది.

చీటీల మీద పేర్లుంటాయి. కాగితాల మీద నంబర్లుంటాయి. రెండు కట్టలూ ఒకే వరసలో ఉన్నాయి. పక్కపక్కన పెట్టుకుంటే ఒకటో తరగతి పిల్లాడైనా చదివేస్తాడు. ఏ నంబరు ఎవరిదో రాసుకున్న పట్టీని మూడేళ్ళు కళ్ళలో పెట్టుకుని కాపాడింది. ఇంట్లో ఇనప్పెట్టెలో దాచింది. అక్క అడిగినా చూపించలేదు. అంత భద్రంగా దాచింది ఏమిటయ్యా అంటే, అందరికీ తెలిసిన వరస! తన తెలివితక్కువతనానికి తన చెంప తనే వాయించుకోవాలనిపించింది ఆమెకి. కటింగ్ సెక్షన్లో పనిచేసే ఒకావిడ, ఇద్దరు పిల్లల తల్లి, చెయ్యి పట్టుకుని "నా పేరు పోదు కదమ్మా" అని మూడుసార్లు అడిగింది. పోదు పోదు పోదు అని మూడుసార్లూ చెప్పింది తను. ఆవిడకీ ఇవాళ కవరు వచ్చింది.

"మీకు తెలుసా సార్ ఈ సంగతి?"

"మొదటి ఏడాది తెలీదు."

"తర్వాత?"

"తర్వాత తెలిసింది," అన్నారు డాక్టరుగారు. "నాకేం సంతోషమా చెప్పు? జబ్బు చేసినవాళ్ళని పొడి లేని చోటికి మార్చండి అన్నాను. సరే అన్నారు. గేటు బయటికి మారుస్తారని నేనేమన్నా కలగన్నానా?"

"గేటు బయటికి మార్చాక కూడా మీరు నోరు విప్పలేదు."

"విప్పితే ఏమవుతుంది?" ఆయన గొంతు కాస్త లేచింది. "ఆ కొనేవాళ్ళు అయ్యో పాపం అంటారనుకుంటున్నావా? మా చేతులకి మరక అంటకూడదని, ఈ ఫ్యాక్టరీని వదిలేసి ఇంకో దేశంలో ఇంకో షెడ్డు చూసుకుంటారు. అక్కడ నీలా ఊదించేవాళ్ళు కూడా ఉండరు. ఇక్కడ ఎనిమిది వందల ఇళ్ళల్లో పొయ్యి వెలగదు. పిల్లల వార్డు చూశావుగా కింద? ముప్పై మంచాలు. అదంతా ఫౌండేషన్ చలవే. రేపు వాటికి తాళం వేసి, ఆ తల్లులకి నువ్వు చెప్తావా?"

డాక్టరుగారు చెడ్డమనిషి కాదు, అదే చిక్కు. నాన్న పోయిననాడు ఊదమ్మకి పదిహేడేళ్ళు. ఇదే గదిలో, ఇదే బల్ల ముందు నిలబెట్టి, "చదువుకుంటావా?" అని అడిగిన మనిషాయన. ఫీజు కట్టారు. మిషన్ ముందు కూర్చోబెట్టి, ఊపిరి గీత ఎలా చదవాలో చెయ్యి పట్టి నేర్పారు. ఆయన ఎదురుపడితే ఇప్పటికీ ఆమె చున్నీ సర్దుకుని నిలబడుతుంది. ఆ మనిషే ఇలా మాట్లాడుతుంటే, ఎవరో ఆయన గొంతు అరువు తెచ్చుకుని మాట్లాడుతున్నట్టుంది ఆమెకి.

"ముప్పై మంచాల లెక్క నాకు తెలీదు సార్. ఈ పన్నెండు మంది నా మొహం చూసి ఊదారు. వాళ్ళ అసలు కాగితాలు ఇవ్వండి. రేపు పలకలు కొనే కంపెనీల మనుషులు ఫ్యాక్టరీ చూడటానికి వస్తారు కదా, వాళ్ళ చేతిలో పెడతా. పనిలో ఉండగానే జబ్బు తేలిందని చూపిస్తా."

"చూపించినా లాభం లేదమ్మా."

"ఎందుకు లేదు?"

"పనిలోంచి వెళ్ళేనాటికి వాళ్ళు ఆరోగ్యంగానే ఉన్నారని సర్టిఫికెట్లున్నాయి."

"ఏ గాడిద ఇచ్చాడు ఆ సర్టిఫికెట్లు?"

ఆయన బల్ల సొరుగు లాగి ఆకుపచ్చ ఫైలు తీశారు. తెరిచి ఆమె వైపు తిప్పారు.

పన్నెండు కాగితాలు. పేరు, వయసు, సెక్షను. "శ్వాస పరీక్షలో ఏ లోపమూ కనబడలేదు." అడుగున పరీక్ష చేసినవారి సంతకం. మొదటి అక్షరానికి గుండ్రటి బొడ్డు, చివరి అక్షరానికి పొడుగాటి తోక. చిన్నప్పుడు నోటుబుక్కు నిండా రాసి రాసి కుదుర్చుకున్న సంతకం. తనదే. పన్నెండింటి మీదా తనదే.

ఊదమ్మ ఒక్కో సంతకం మీదా వేలు పెట్టి చూసుకుంది.

పోయిన నెల డాక్టరుగారు స్వయంగా షెడ్డుకి వచ్చారు. పరీక్షకొచ్చినవాళ్ళ హాజరు కాగితాలమ్మా, నివేదికతో పాటు ప్రెస్సుకి పోవాలి, గబగబా సంతకాలు పడెయ్ అన్నారు. పైనున్నది నిజంగా హాజరు కాగితమే. మిగతావాటిని మెట్లు మెట్లుగా పేర్చారు, ఒక్కోదానికీ అడుగు అంచు మాత్రం కనబడేలా. తిప్పే పని లేకుండా చకచకా పెట్టేయొచ్చని ఆయనే చెప్పారు. "భలే పేర్చారు సార్!" అని మెచ్చుకుంది కూడా తను. ఆ పైన ఆయనకి టీ తెప్పించింది.

"హాజరు కాగితాలన్నారు," అంది. "సార్, హాజరు కాగితాలని చెప్పారు నాకు!"

"నువ్వు చదివి పెట్టాల్సింది."

ఆ మాటకి ఊదమ్మ ఒక్కసారి భగ్గుమంది.

"చదవాలా? మీరిచ్చిన కాగితం నేను చదవాలా? అక్షరం అక్షరం చదివి, ఈయన నన్నెక్కడ ముంచుతున్నాడో అని వెతకాలా? చీమకి కూడా అపకారం చెయ్యరు మా సారు అని ఊరంతా చెప్పుకుని తిరిగాను! నమ్మించి గొంతు కోశారు సార్. నా గొంతొక్కటే కోసుంటే బాగుండేది, నా చేత్తో పన్నెండు మంది గొంతులు కోయించారు!"

ఆ మాటలతోనే ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుపంతా అయ్యేదాకా డాక్టరుగారు ఆగారు. రోగి బంధువులకి చెడ్డ కబురు చెప్పేటప్పుడు ఎలా ఆగుతారో, అచ్చం అలాగే.

"రేపు పది గంటలకి వాళ్ళు వస్తున్నారు," అన్నారు తర్వాత, మెత్తగా. "నిన్ను తప్పకుండా అడుగుతారు. అట్ట మీద ఉన్నది నువ్వే కదా. పరీక్ష చేశాకే సంతకం పెట్టానని చెప్పు. ఒక్క మాట. కాదన్నావనుకో, దొంగ సర్టిఫికెట్లు ఇచ్చింది నువ్వే అవుతావు. వాటి మీద నా పేరెక్కడా లేదు."

"బెదిరిస్తున్నారా?"

"కాపాడుతున్నాను. నీకు రేపటి నుంచి నా అవసరం చాలా ఉంది."

అలా అని, కింది సొరుగు తాళం తీశారు. అందులో ఒకే ఒక్క కాగితం. పైన మూలలో నంబరు: సున్నా.

సున్నా ఎవరో ఊదమ్మకి వేరే చెప్పక్కర్లేదు. పొద్దున్నే పనివాళ్ళు రాకముందు మిషన్ సరిగ్గా ఉందో లేదో చూడాలి. అందుకు ఆరోగ్యంగా ఉన్న మనిషొకరు రోజూ ఊదాలి, నిన్నటిలాగే ఇవాళా వస్తే మిషన్ బాగున్నట్టు. ఆ ఊదే మనిషి ఊదమ్మే. మూడేళ్ళుగా, వారానికి ఆరు రోజులు ఊదింది. నిన్నటి కాగితం పక్కన ఇవాళ్టిది పెట్టి చూసేది. తేడా వెంట్రుకవాసి. మిషన్ బాగుంది అని రాసి డాక్టరుగారికి పంపేసేది. ఎంతసేపూ మిషన్ బాగుందా అనే తప్ప, తను బాగున్నానా అని ఏనాడన్నా చూసుకుందా ఆ పిచ్చితల్లి!

డాక్టరుగారు చూశారు. మొదటి రోజు గీతనీ, మొన్నటి గీతనీ ఒకే కాగితం మీద గీశారు. మొదటిది కొండలా నిటారుగా లేచింది. మొన్నటిది లేవలేక లేచి, మధ్యలోనే చతికిలబడింది. అలాంటి గీత మీద ఊదమ్మ కళ్ళు మూసుకుని ఎర్ర సిరా పెట్టగలదు.

పాలిష్ షెడ్డులోనే గది. ఉక్క ఓర్చుకోలేక తలుపు బార్లా తీసి కూర్చునేది. గుడ్డ కట్టుకుంటే తన అరుపు మిషన్ల రొదలో వినబడదని మూతికి ఏదీ కట్టుకోలేదు. సాయంత్రం ఇంటికెళితే అక్క ఆమె కనురెప్పల మీది తెల్లపొడి చూసి, ముసలమ్మవైపోయావే అని నవ్వేది.

"ఎప్పుడు తెలిసింది సార్ మీకు?"

"ఈ మధ్యే."

"ఈ మధ్యే అంటే?"

ఆయన తల దించుకున్నారు. "పోయిన ఏడాది. వానలకి ముందు."

వానలు వెలిశాక కదూ తను ఈ గదికి వచ్చి, సార్ నన్ను ఇక్కడికి మార్చండి, ఆ షెడ్డు పడట్లేదు, మెట్లెక్కితే ఆయాసంగా ఉంటోంది అని బతిమాలింది! ఇదే కుర్చీలో కూర్చుని ఆయన, "నువ్వు లేకపోతే వాళ్ళెవరూ ఊదరు తల్లీ. ఒక్క ఏడాది ఓపిక పట్టు" అన్నారు. జీతం పెంచారు. సార్ నన్ను తల్లీ అన్నారే అక్కా అని ఆ సాయంత్రం మిఠాయి పట్టుకుని ఇంటికెళ్ళింది ఊదమ్మ.

ఆమె కన్నీళ్ళు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

"మీ అమ్మాయిని ఆ గదిలో ఒక్క పూట కూర్చోబెట్టేవారా సార్?"

డాక్టరుగారు కింది సొరుగు మూశారు. "నీ వైద్యం బాధ్యత నాది," అన్నారు. "మంచి మందులు, పెద్ద ఆస్పత్రి, ఎన్నాళ్ళయినా సరే. రేపు ఆ ఒక్క మాట చెప్పు. ఆ పన్నెండు మందికీ నేను చేయగలిగింది ఏమీ లేదు, నీకుంది."

"వాళ్ళ అసలు కాగితాలెక్కడున్నాయి?"

ఆయన చూపు గోడ బీరువా వైపు వెళ్ళి వచ్చింది. తాళంచెవి ఆయన జేబులో ఉంది. "సాయంత్రం ఆఫీసు మనిషొచ్చి తీసుకెళతాడు," అన్నారు. "వాటి మీద ఆశ పెట్టుకోకు."

ఊదమ్మ బల్ల మీద నుంచి సున్నా కాగితం తీసుకుంది. ఆయన చెయ్యి అడ్డం పెట్టబోయి, వెనక్కి తీసుకున్నారు.

"ఇది నాదే కదా సార్," అని, తలుపు తీసుకుని బయటికి వచ్చేసింది. ఎన్నడూ మరవని "వస్తాను సార్" మాత్రం నోట రాలేదు.

మెట్లు దిగుతుంటే మధ్యలో ఒకసారి ఆగాల్సి వచ్చింది. కోపం వల్ల అనుకుందామనుకుంది గానీ, ఇక ఆ సాకు కూడా మిగల్లేదు.

కింద బావ బెంచీ మీద నుంచి లేచాడు. ఆమె చేతిలో కాగితం చూడగానే అతని ముఖం వెలిగింది.

"దొరికిందా? నాకు తెలుసు! సారు మంచోడు, నువ్వడిగితే కాదనడు. ఏదీ, ఇటివ్వు."

ఆమె ఇవ్వకముందే లాక్కున్నాడు. బావకి అక్షరాలు అంతంతమాత్రం. కానీ గీత చదవడం వచ్చు, షెడ్డులో అందరికీ ఆ విద్య నేర్పింది ఊదమ్మే. కాగితాన్ని కిటికీ వెలుతురుకి పట్టుకుని, పడిపోయిన గీత వెంట వేలు నడిపాడు. నుదురు ముడిపడింది.

"ఇది నాది కాదమ్మా. నా గీత నాకు తెలుసు." మళ్ళీ వేలితో తడిమి చూశాడు. "మనవాళ్ళెవరిదీ కూడా కాదు, పన్నెండు మందీ ఊదినప్పుడే తమ గీతలు నాకు చూపించారు. అంటే ఇంకొకళ్ళు కూడా ఉన్నారా? పాపం, వాళ్ళకి తెలుసో లేదో! ఈ పదమూడో మనిషెవరమ్మా?"

ఊదమ్మ అతని చేతిలోంచి కాగితం తీసుకుని నాలుగు మడతలు పెట్టింది.

"రేపు పది గంటలకి చెప్తా బావా," అంది. "అందరి ముందూ చెప్తా. మన పన్నెండు మందినీ రమ్మను."